ఊరుగాని ఊరోళ్ళ మాటలు

చిత్తూరులో బస్టాండు నుంచి కోర్టుకు పోయే దోవలో కృష్ణమూర్తి భట్టు కాఫీ హోటలు ఉండేది. దాని పక్క తిన్నె మీద, కొబ్బరాకు పందిరి కింద, మునిరత్నం కుట్టుమిషను పెట్టుకోని కూర్చునేవాడు. నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. హోటలు కిటికీ కింద, బయటి పక్క, ఒక పొడుగాటి బల్ల వేసి ఉండేది. బస్సుకోసరం కాచుకున్న వాళ్ళు ఆ బల్ల మీద కూర్చోని కాఫీ తాగేవాళ్ళు. వాళ్ళ వీపులు మునిరత్నం వైపు, మొగాలు రోడ్డు వైపు. వాళ్ళు ఏం మాట్లాడుకున్నా మునిరత్నం చెవిన పడేది. పడేది అనడం కన్నా ఆయనే పట్టుకునేవాడు అనడం న్యాయం.

కాఫీ మీద ఆయనకు అంత ఆశ లేదు. పొద్దున ఒక గలాసు తాగితే తాగినట్టు, లేకుంటే లేదు. ఆయన ఆశంతా మాటల మీద. అదీ ఊళ్ళో తెలిసినవాళ్ళ మాటల మీద గాదు. తెలిసినవాళ్ళు వచ్చి ఆ బల్ల మీద కూర్చుంటే, చెవిన పడకుండా మిషను ఇంకా జోరుగా తొక్కేవాడు.

"వాళ్ళ సంగతి మనకెందుకప్పా? రేపు వాళ్ళ మొగం సూడాల గదా" అనేవాడు భట్టుతో.

ముక్కూ మొగం తెలియని వాళ్ళయితేనే ఆయనకు పండగ. వాళ్ళు ఎవరో తెలియదు, యాడ నుంచి వచ్చినారో తెలియదు, బస్సెక్కినాక ఏమైపోతారో తెలియదు. ఒక గలాసు కాఫీ తాగేంత సేపు వాళ్ళ బతుకులో ఒక తునక మునిరత్నం తిన్నె మీద రాలేది. ఆ తునక చాలు ఆయనకు. మాటలు రుచిగా ఉంటే తొక్కేది ఆపి, చక్రాన్ని చేత్తో మెల్లిగా తిప్పుతూ కుట్టేవాడు. మిషను చప్పుడు ఆగిందంటే బల్ల మీద ఏదో మంచి కథ నడుస్తా ఉందని లోపల దోసెలు పోసేవాళ్ళకు కూడా తెలిసిపోయేది.

ఈ విద్య ఆయనకు వాళ్ళ నాయన వల్ల వచ్చింది. నాయన కూడా దర్జీయే. మునిరత్నానికి మీసాలు వచ్చే వయసులో ఆ పెద్దాయనకు చెవులు పోయినాయి. గిరాకీలు వచ్చి చెప్పిన మాట కొడుకు ఆయన చెవి కాడ నోరు పెట్టి మళ్ళీ చెప్పాల్సి వచ్చేది. ఒట్టి మాట చెప్తే పెద్దాయన ఒప్పుకునేవాడు కాదు.

"కోపంగా అన్నాడా, నవ్వుతా అన్నాడా? అన్నట్టే అనరా" అనేవాడు.

అట్లా మునిరత్నం మాట వెనకాల ఉండే గొంతును కూడా పట్టడం నేర్చుకున్నాడు. నాయన పోయినా ఆ అలవాటు పోలేదు. చెప్పడానికి ఒక చెవి లేకుండా పోయిందని కొన్నాళ్ళు బెంగపడినాడు గానీ, తాయమ్మను పెండ్లి చేసుకున్నాక ఆ కొరత తీరింది.

తాయమ్మ ఇంట్లో కూర్చోని మొగుడు కుట్టిన చొక్కాలకు కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. పొద్దుగూకేటప్పటికి మునిరత్నం ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కోని, సంగటి ముద్ద ముందర కూర్చునేవాడు. ఆమె ఊరిబిండి పచ్చడి వడ్డించి, "ఊ, ఈ పొద్దు ఎవరొచ్చినారు?" అనేది. అప్పుడు మొదలయ్యేది.

ఒక పొద్దు మామిడితోపు పంచుకున్న అన్నదమ్ములు వచ్చినారు. అన్నీ సగం సగం తెగినాయి గానీ వాళ్ళమ్మ నాటిన చెట్టు ఒకటి మిగిలింది. నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని మొదలై, నా మాటకు విలువ లేదా అనేదాకా పోయి, అన్న ఒక బస్సు, తమ్ముడు ఒక బస్సు ఎక్కి పోయినారు. ఇంకో పొద్దు కోర్టులో సాక్ష్యం చెప్పే మనిషికి గుమాస్తా పాఠం చెప్తా ఉన్నాడు. ఎద్దు ఏ రంగురా అంటే తెల్లది అంటాడు. నల్లది అని చెప్పరా అంటే, నేను సూసింది తెల్లదే గదయ్యా అంటాడు. గుమాస్తా తల పట్టుకోని రెండో కాఫీ తెమ్మన్నాడు. ఇంకోసారి తిరుమలలో గుండు కొట్టించుకోని ఒక ముసలి జంట వచ్చింది. ఆ ముసలమ్మ మొగుణ్ణి చూసి నవ్వి నవ్వి, "నువ్విప్పుడు అచ్చం మా నాయన మాదిరి ఉండావు" అనింది. ఆయన గుండు తడుముకోని, "మీ నాయనకు నేనంటే యానాడూ పడలేదు" అన్నాడు.

తాయమ్మ ఊరికే వినేది కాదు. "ఆ మాట అన్నాక ఆయమ్మ ఏం చేసింది? నవ్వు ఆపిందా?" అని అడిగేది. మునిరత్నం చూసుకోలేదు. "నువ్వు చెవులతోనే ఇంటావు. రవంత కండ్లు గూడా పెట్టు" అనేది. మర్నాడు నుంచి ఆయన కండ్లు కూడా పెట్టేవాడు. చల్లారిపోయిన కాఫీ, చేతిలో నలిగిన పైట కొంగు, ఊరికే సవరించుకున్న తలపాగా, ఇవన్నీ సాయంత్రానికి ఇంటికి వచ్చేవి. పిల్లలు లేని ఆ ఇంట్లో ఎందరో జనం తిరిగినట్టుండేది.

ఒక్క కట్టుబాటు మాత్రం ఆయన తప్పేవాడు కాదు. విన్న మాట తాయమ్మకు తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు. బల్ల మీద కూర్చున్న వాళ్ళ మాటల్లోకి తాను పోకూడదు. "నేను మాట్లాడినానంటే ఆ మాట సచ్చిపోతుంది" అనేవాడు.

పంతొమ్మిది వందల నలభై నాలుగులో యుద్ధం ముదిరి ఉండేది. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనకాల పెద్ద పీపా మాదిరి కుంపటి ఒకటి తగిలించి, క్లీనరు దాని చక్రాన్ని తిప్పి తిప్పి నిప్పు రగిలిస్తే, ఎప్పటికో ఇంజను కదిలేది. జనం బల్ల మీద గంటలు గంటలు కాచుకునేవాళ్ళు. చక్కెరకు రేషను వచ్చి భట్టు బెల్లం కాఫీ ఇచ్చేవాడు. గుడ్డకు కంట్రోలు వచ్చి కొత్త చొక్కాలు కుట్టించుకునేవాళ్ళు తగ్గినారు. పాత కోట్లు తిరగేసి కుట్టడం, చినిగిన మోకాళ్ళకు అతుకులు వేయడం, ఇదే పని. కుట్టు తగ్గి మాటలు పెరిగిన ఆ కాలంలోనే ఇద్దరు సిపాయిలు వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

ఒకడు చిన్నవాడు, ఇరవై అయిదేండ్లు ఉంటాయేమో, పేరు ప్రేమానందం. బంగారుపాళెం దోవలో చింతమాకులపల్లె అనే చిన్న పల్లె వాడిది. లోపల కూర్చుంటే కులం ఎత్తి ఎవరేమంటారోనని, ఖాకీ బట్టల్లో ఉండి కూడా బయట బల్ల మీదనే కూర్చున్నాడు. రెండోవాడు హవల్దారు దేవరాజులు, చిత్తూరు మనిషే. వయసులో పెద్ద. ఇద్దరూ అస్సాం దిక్కున రోడ్లు వేసే పటాళంలో పనిచేస్తా, సెలవు మీద వచ్చినారు. ఇదంతా మునిరత్నానికి మెల్లిమెల్లిగా తెలిసింది. మొదటి దినం చెవిన పడింది ఇది:

"పెద్దమ్మా, కుప్పయ్య పోయేటప్పుడు నీ పేరే తలుసుకున్నాడు."

చిన్నవాడు అని ఆగినాడు. మళ్ళీ గొంతు సవరించుకోని, "గాదు. పెద్దమ్మా, కుప్పయ్య నన్ను పిలిచి, మా అమ్మను సూసుకోరా అన్నాడు."

"అది బాగుండాది. అదే సెప్పు" అన్నాడు దేవరాజులు.

మునిరత్నం తొక్కేది ఆపినాడు. కోర్టు సాక్ష్యమేమో అనుకున్నాడు మొదట. కాదు, సాక్ష్యం చెప్పేవాళ్ళు అట్లా తల వంచుకోని చెప్పరు. అయితే నాటకం ఆడేవాళ్ళా అనుకున్నాడు. అంతలో బంగారుపాళెం బస్సు కదిలింది. చిన్నవాడు లేచి, సంచి భుజానికి వేసుకోని, రెండడుగులు పోయి, మళ్ళీ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. దేవరాజులు కాసేపటికి వాణ్ణి లేపి తన ఇంటికి పిలుచుకోని పోయినాడు.

ఆ సాయంత్రం తాయమ్మ అంతా విని, "రేపు గూడా వస్తారు. బాగా ఇను" అనింది.

వచ్చినారు. ఆ పొద్దు దేవరాజులు కొంచెం విసుగు మీద ఉన్నాడు.

"బాంబు పడిందని సెప్పరా. నొప్పి తెలీకుండా పోయినాడని సెప్పు. కన్నతల్లికి అదొక నిమ్మళం."

"బాంబు యాడ పడిందన్నా? జరమొచ్చి పోయినాడు. సర్కారోళ్ళు ఆ మాట ఎప్పుడో తెలిపినారు గదా ఆయమ్మకు."

"మరి ఉండేది ఉన్నట్టు సెప్పు."

"ఉండేది ఏముండాదన్నా? నేను ఆడ లేను. నన్ను ముందరికి పంపినారు. మళ్ళొచ్చేతలికి ఆస్పత్రిలో వాడి మంచం మీద ఇంకెవరో పండుకోనుండారు." ప్రేమానందం గలాసును రెండు చేతులా పట్టుకోని ఉన్నాడు. "నాకు అమ్మ లేదన్నా. కుప్పయ్యతో పాటు నాకూ అన్నం పెట్టి పెంచింది వాళ్ళమ్మ, నాగులమ్మ పెద్దమ్మే. ఇద్దరం జతగా పోయినాం. నేనొక్కణ్ణే పోయి ఆయమ్మ గుడిసె ముందర నిలబడితే, అడిగేది ఒకటే మాట. కడాకి ఏమన్నాడురా నా బిడ్డ, అని. ఏం సెప్పేది?"

ఆ పొద్దు కూడా బస్సు పోయింది. వాడు ఎక్కలేదు.

మునిరత్నం ఇంటికి వచ్చి చెప్పినాడు. చెప్తా ఉంటే ప్రేమానందం గొంతే ఆయన నోట్లో నుంచి వచ్చింది. తాయమ్మ కాజా కుట్టే సూది గుడ్డలోనే ఉంచి, కదలకుండా వినింది. విన్నాక అనింది:

"నువ్వు ఇని ఊరికే వస్తివా?"

"ఏం చేయాల మరి? వాళ్ళ మాటల్లోకి నేను పోను గదమ్మే."

తాయమ్మ వాళ్ళ అన్న సంగతి ఎత్తింది. ఆ అన్న పేరు వెంకటముని. కోలారు బంగారు గనుల్లో పనికి పోయి, ఆడనే బండ కింద పడి చనిపోయినాడు. అది మునిరత్నానికి తెలుసు. తెలియంది ఒకటి ఉంది.

"ఆ వర్తమానం తెచ్చిన మనిషి మా నడవలో కూర్చోని, బండ ఎట్లా జారిందో, ఎవరెవరు ఉరికి వచ్చినారో అంతా సెప్పినాడు. మాయమ్మ అంతా ఇని, వాడు ఆడ ఏం తింటా ఉండె నాయనా, అని అడిగింది. తెలీదమ్మా అన్నాడు. ఎవురితో సావాసంగా ఉండె, అనింది. తెలీదన్నాడు. నవ్వుతా ఉండెనా, అనింది. ఆయప్ప తల వంచుకున్నాడు. బండ సంగతి మాయమ్మ మళ్ళెప్పుడూ ఎత్తలేదు. ఏం తినేవాడో ఏమో అనేది మాత్రం పోయేదాకా అంటానే ఉండె."

మునిరత్నం సంగటి తినడం మరిచిపోయి కూర్చున్నాడు.

"ఆ పిల్లోడికి కడా మాట తెలీకపోతే యాం? ముందర మాటలన్నీ తెలుసు గదా. అవి యాడ పోయినాయి?" అనింది తాయమ్మ.

మర్నాడు ఆమె కాజాలు కుట్టిన చొక్కాలు గంపలో పెట్టుకోని తిన్నె కాడికి వచ్చింది. చొక్కాలు ఇచ్చి పోకుండా, మిషను వెనకాల గోడకు ఆనుకోని కూర్చోని గుండీలు వేయడం మొదలుపెట్టింది. మునిరత్నం అడగలేదు. కొంతసేపటికి సిపాయిలు వచ్చినారు. బెల్లం కాఫీ వచ్చింది. బంగారుపాళెం బస్సు వెనకాల క్లీనరు నిప్పు రగిలిస్తా ఉన్నాడు. ప్రేమానందం మళ్ళీ "పెద్దమ్మా" అని మొదలుపెట్టి, మళ్ళీ ఆగిపోయినాడు.

మునిరత్నం మిషను మీద నుంచి లేచినాడు. అన్నేండ్లలో ఆయన ఆ బల్ల ముందరికి పోవడం అదే మొదటిసారి.

"అప్పా, రవంత ఇనుకో. ఆయమ్మకు కడా మాట సెప్పకపోయినా పరవాలేదు" అన్నాడు.

ప్రేమానందం తల ఎత్తి చూసినాడు. ఏమీ అర్థం కాలేదు. అర్థం అయినాక మొగం ఎర్రబడింది.

"మా మాటలు ఇంటా ఉండావా నువ్వు?"

"ఇన్నానప్పా. మొన్నటి నుంచి ఇంటా ఉండా."

"ఇనేదానికి నీకేం పని?"

దేవరాజులు కూడా లేచి నిలబడినాడు. బస్సుకోసరం కాచుకున్న వాళ్ళు ఇటు తిరిగినారు. లోపల నుంచి భట్టు తొంగి చూసినాడు. తప్పు తనదే అని మునిరత్నానికి తెలుసు. ఏమన్నా పడదామని తల వంచుకోని నిలబడినాడు.

అప్పుడు మిషను వెనకాల నుంచి తాయమ్మ అడిగింది, గుండీ వేస్తానే, తల ఎత్తకుండా:

"నాయనా, ఆ కుప్పయ్య గురక పెడతా ఉండెనా?"

ప్రేమానందం ఆమె వైపు తిరిగినాడు. కోపంగా ఏదో అనబోయినాడు.

"పెడతా ఉండె" అన్నాడు. కొంచెం ఆగి, "శానా పెడతా ఉండె. పటాళం పటాళమంతా తిడతా ఉండిరి. తెల్లారి లేస్తానే, ఎవుర్రా ఈ రాత్రి గురక పెట్టింది, నాకు నిద్దర్లేదు అని వాడే ముందర అరుస్తా ఉండె."

దేవరాజులు నవ్వినాడు. నవ్వినందుకు తానే ఆశ్చర్యపడినట్టు మళ్ళీ కూర్చున్నాడు.

"ఆడ కూడు యట్లుండె?" అనింది తాయమ్మ.

"రొట్టెలమ్మా. దినామూ రొట్టెలే. వాడికి పడేది గాదు. రొట్టెను ముక్కలు చేసి, నీళ్ళు పోసి పిసికి, ముద్ద చేసి, ఇదో మాయమ్మ చేసిన సంగటి అని మింగేవాడు. నాకూ ఒక ముద్ద పెట్టేవాడు. నా బతుకులో అంత పాడు కూడు తినలేదు."

తర్వాత అడగాల్సిన పని లేకుండా పోయింది. వాడే చెప్పినాడు. కుప్పయ్యకు ఒక కంచరగాడిదను అప్పగించినారంట, రాళ్ళు మోయించేదానికి. అది ఉత్తర దేశం గాడిద. హిందూస్తానీలో చెప్తే తప్ప కదలదు. కుప్పయ్యకు హిందూస్తానీ ఒక ముక్క రాదు. దాని చెవి కాడ నిలబడి దినామూ తెలుగులో మాట్లాడినాడంట. వానల సంగతి, చింతమాకులపల్లె సంగతి, వాళ్ళమ్మ చెనక్కాయలు వేయించే సంగతి. కొన్నాళ్ళకు అది తెలుగు తప్ప వేరే మాట వినకుండా అయిపోయింది. ఒకనాడు తెల్లదొర వచ్చి, పండుకోనుండే దాన్ని కదిలించబోయినాడు. అది కదల్లేదు. కుప్పయ్య పోయి,

"యాంది మే, దొరోరు వస్తే లెయ్యద్దా? మాయమ్మ సూస్తే ఏమనుకుంటాది?" అన్నాడంట. అది లేచి నిలబడింది.

ఆ మాట అన్నప్పుడు మునిరత్నం తల ఎత్తినాడు. బల్ల మీద ఉన్నవాళ్ళంతా నవ్వుతా ఉన్నారు గానీ, ఆయన నవ్వలేదు. ఆయన చెవికి ఇంకేదో తగిలింది.

"అప్పా, ఇప్పుడు మాట్లాడింది నువ్వు గాదు" అన్నాడు.

"ఏమన్నావు?"

"నీ గొంతు మొన్నటి నుంచి ఇంటా ఉండా. నీది అణిగిన గొంతు. మాట కడాకి పోయేతలికి కిందికి దిగుతుంది. ఇది పైకి పోయె. ఇది ఆ పిల్లోడి గొంతు. అవునా?"

దేవరాజులు మెల్లిగా, "అవునురా. కుప్పయ్య అట్లే అంటా ఉండె. వాడు లేచొచ్చినట్టే ఉన్నింది నాకు" అన్నాడు. ఆయన కండ్లు తడిసినాయి. మొగం తిప్పుకున్నాడు.

"ఆయమ్మకు సర్కారోళ్ళు సెప్పాల్సింది సెప్పినారు" అన్నాడు మునిరత్నం. "ఈ గొంతు మాత్రం వాళ్ళు తెచ్చి ఇయ్యలేరు గదప్పా. ఇది నీకాడ ఉండాది. తీసకపోయి ఆయమ్మకు ఇయ్యి. కడా మాట అడిగితే, నేను లేను పెద్దమ్మా, నాకు తెలీదు అని సెప్పు. నిజమే గదా."

బస్సు ఇంజను రగులుకుంది. డ్రైవరు హారను కొట్టినాడు. ప్రేమానందం గలాసు కింద పెట్టి, సంచి తీసుకోని, వెనక్కి తిరిగి చూడకుండా పోయి బస్సెక్కినాడు. కిటికీ కాడ సీటు దొరికింది. బస్సు పోతా ఉంటే వాడి పెదాలు కదులుతా ఉండడం మునిరత్నం చూసినాడు.

తర్వాత చాలా దినాలు ఏ వర్తమానమూ లేదు. మునిరత్నానికి అది కొత్త బాధ. బల్ల మీద నుంచి లేచిపోయిన వాళ్ళు ఏమైనారని ఆయన ఎప్పుడూ అనుకునేవాడు కాదు. ఇప్పుడు బంగారుపాళెం నుంచి బస్సు వచ్చిన ప్రతిసారీ సూది ఆపి దిగేవాళ్ళను చూసేవాడు. తాను నోరు తెరిచి తప్పు చేసినానా అని భయం కూడా ఉండేది. ఇంట్లో తాయమ్మ అడిగేది కాదు, ఆయన చెప్పేవాడు కాదు. ఇద్దరి మనసులోనూ అదే ఉండేది.

మామిడికాయల బండ్లు కోర్టు దోవన రావడం మొదలైన కాలంలో, ఒక పొద్దున బంగారుపాళెం బస్సు నుంచి ప్రేమానందం దిగినాడు. సెలవు అయిపోయింది, మళ్ళీ రైలెక్కాలి. వాడి వెనకాల ఒక ముసలామె దిగింది. పొట్టిగా, నల్లగా ఉంది. నెత్తిన ఒక గుడ్డ మూట. వచ్చి బల్ల మీద కూర్చోని, మూట ఒడిలో పెట్టుకోనింది. అందులో వేయించిన చెనక్కాయలు ఉన్నాయి. వాసన తిన్నె దాకా వచ్చింది.

ప్రేమానందం నేరుగా మిషను కాడికి వచ్చి, తిన్నె అంచున కూర్చున్నాడు.

"పోయినాను. ఇంట్లోకి అడుగు పెడతానే అడిగింది. కడాకి ఏమన్నాడురా అని" అన్నాడు మెల్లిగా. "నేను లేను పెద్దమ్మా అన్నాను. ఆయమ్మ పొయ్యి కాడికి పోయి కూర్చునింది. ఇంక నన్ను గుడిసెలోకి రానీదు అనుకున్నా. రవంత సేపుండి నేను, వాడు నీ సంగటి కోసరం రొట్టెను పిసుకుతా ఉండె పెద్దమ్మా, అన్నాను. ఆయమ్మ తిరిగి సూసింది. యట్ల పిసుకుతా ఉండె, అనింది. సూపించినాను."

"తర్వాత?"

"తర్వాత గాడిద కథ. ఎన్నిసార్లు సెప్పించిందో నాకే తెలీదు. వీధిలో అందర్నీ పిలిచి సెప్పించింది. నవ్వే తావున ఏడిసింది, ఏడిసే తావున నవ్వింది." వాడు అటు తిరిగి చూసినాడు. "ఇప్పుడు నన్ను సెప్పనీదు. ఆయమ్మే సెప్తాది."

నిజమే. బల్ల మీద పక్కన కూర్చున్న తిరుచానూరు నుంచి పూలు అమ్మేదానికి వచ్చిన పూలమ్మకు నాగులమ్మ అప్పటికే మొదలుపెట్టి ఉంది. ఆమె కథలో గాడిద ఇంకొంచెం పెద్దది. దొర మొగం ఇంకా ఎర్రది. "యాంది మే" అనే తావున ఆమె గొంతు పైకి పోయింది. అది విని మునిరత్నం మిషను ఆపినాడు. తాను చూడని, ఇంక ఎప్పుడూ చూడబోని పిల్లవాడు ఆ బల్ల మీద కూర్చోని మాట్లాడినట్టే ఉంది. పూలమ్మ బుట్టలో మల్లెలు వాడిపోతా ఉన్నా లేవకుండా వినింది.

అంతలో తాయమ్మ చొక్కాల గంపతో వచ్చింది. ప్రేమానందాన్ని చూసింది, బల్ల మీద ఉన్న మనిషిని చూసింది. ఎవరూ చెప్పకుండానే తెలుసుకోనింది. గంప మొగుడి ముందర పెట్టి, పోయి నాగులమ్మ పక్కన కూర్చునింది. వాళ్ళిద్దరూ తలలు దగ్గరికి చేర్చి మాట్లాడుకోవడం మొదలుపెట్టినారు. మునిరత్నం తొక్కేది ఆపి చెవులు రిక్కించినాడు. సరిగ్గా అప్పుడే వేలూరు బస్సు క్లీనరు తిన్నెకు ఎదురుగా నిప్పు రగిలించి, ఇంజను పట్టించినాడు. దడదడమని ఒకటే మోత. ఇద్దరు ఆడవాళ్ళ పెదాలు కదలడం కనబడతా ఉంది. ఒకసారి నాగులమ్మ తాయమ్మ చేయి పట్టుకోనింది. ఒకసారి తాయమ్మ పైటతో కండ్లు తుడుచుకోనింది. ఒకసారి ఇద్దరూ నవ్వినారు. ఒక్క మాట చెవిన పడలేదు. ఆ బస్సు ఎంతకీ కదల్లేదు. కదిలేటప్పటికి రైలుకు పొద్దయిందని నాగులమ్మ లేచింది. పోతా పోతా పిడికెడు చెనక్కాయలు మిషను మీద పెట్టింది. మునిరత్నాన్ని ఎవరని అడగలేదు. ప్రేమానందం సంచి ఎత్తుకోని, తల వంచి నమస్కారం పెట్టి, ఆమె వెనకాల రైలు స్టేషను దోవ పట్టినాడు.

ఆ సాయంత్రం మునిరత్నం పెందలాడే ఇల్లు చేరినాడు. కాళ్ళు సరిగ్గా కడుక్కోకుండానే వచ్చి కూర్చున్నాడు.

"ఏమ్మే, ఆయమ్మ ఏమనింది?"

"శానా అనింది" అనింది తాయమ్మ, సంగటి పెడతా.

"ఏం శానా?"

"ఆయమ్మ కొడుకు సంగతి ఆయమ్మ సెప్పింది. మా అన్న సంగతి నేను సెప్పినా."

"నవ్వినారు గదా ఒకసారి. దేనికి?"

తాయమ్మ ఊరిబిండి గిన్నె ఆయన పక్కకు జరిపింది. దీపం వెలుతురులో ఆమె మొగం తేటగా ఉంది. అంత తేటగా ఉండగా మునిరత్నం చాన్నాళ్ళుగా చూడలేదు.

"అవి మా మాటలు. అన్నీ నీకు సెప్పాల్నా?" అనింది.

మునిరత్నం మళ్ళీ అడగలేదు. ముద్ద చేతిలోకి తీసుకోని, పొద్దున కోర్టుకు వచ్చిన పుంగనూరు మనిషి తన జతగాడితో ఎద్దుల బేరం గురించి ఏమన్నాడో చెప్పడం మొదలుపెట్టినాడు. తాయమ్మ గోడకు ఆనుకోని కూర్చోని, "ఊ, ఆ జతగాడు ఏమన్నాడు?" అనింది.